లొట్టిలో ఎండాకాలం

మే నెలలో, మిట్టమధ్యాహ్నం వేళ రామగుండం స్టేషన్‌లో రైలు దిగి చూడండి. పైన సూర్యుడు. ఓ పక్క ఎన్టీపీసీ పొగగొట్టాలు. ఇంకో పక్క సింగరేణి బొగ్గు గనులు. వేడి ఏ దిక్కునుంచి కొడుతోందో అర్థం కాదు. సాయంత్రం టీవీలో ఉష్ణోగ్రతలు చదివేటప్పుడు రామగుండం, ఆదిలాబాద్ పేర్లు వినిపించకుండా ఏ వేసవీ గడవదు. 45 డిగ్రీలంటే ఇక్కడివాళ్లు కళ్లు పెద్దవి చేయరు. 'రోహిణి కార్తె ఇంకా రానే లేదు, అప్పుడే ఏమైంది' అంటారు.

ఇదే ఎండ ఫ్రాన్స్‌లో కాస్తే ఆ ఏడాది అంకెను సీసా మీద అచ్చువేసి దాచుకుంటారు. అవును, అక్కడి ద్రాక్షతోటల వాళ్లకు ప్రతి వేసవికీ ఓ పేరుంది, ఓ ధర ఉంది. ఎండ బాగా కాస్తే ద్రాక్షలో చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. చక్కెర ఎక్కువైతే పులిశాక మత్తూ ఎక్కువే. తొక్కలోని రంగు, వగరు కూడా ఎండ చెప్పినట్టే వింటాయి. మంచి ఎర్ర వైన్‌ను ఏళ్లకేళ్లు నేలమాళిగలో పడుకోబెట్టి అప్పుడు మూత తీస్తారు. 1947లో అక్కడ ఎండలు మండిపోయాయి. ఆ ఏటి బోర్డో ఎర్ర వైన్ల కోసం వేలంపాటల్లో ఇప్పటికీ పోటీపడే వాళ్లున్నారు. 2003లో యూరప్ మొత్తం వడగాడ్పులకు విలవిల్లాడింది. సెప్టెంబరులో కోయాల్సిన ద్రాక్షను కొన్నిచోట్ల ఆగస్టులోనే కోసేశారు. ఆ ఏటి వైన్లలో కొన్ని మెత్తగా, తియ్యగా పండాయి. కొన్ని పులుపు చాలక త్వరగా ముసలివైపోయాయి. వైన్‌కు ఆయుష్షు పోసే వాటిలో పులుపు ఒకటి. ఎండ దాన్ని తగ్గించి తీపిని పెంచుతుంది. అంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుందన్నమాట.

ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా వెళ్లొద్దాం రండి. 2016 అక్టోబరులో ఈ రెండు పాత జిల్లాలూ ముక్కలై జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ లాంటి కొత్త పేర్లొచ్చాయి గానీ ఎండకు ఆ సరిహద్దులు పట్టవు. ఈ దారిలో వైన్ కోసం పెంచే ద్రాక్షతోట ఒక్కటీ కనిపించదు. కానీ ఎండను తీపిగా మార్చే చెట్లు రెండున్నాయి. గోదావరికి ఇవతల తాడిచెట్టు. అవతల అడవిలో ఇప్పచెట్టు.

పొద్దుగాల తీపి, మాపటికి పులుపు

కరీంనగర్ దాటి మానకొండూరు వైపు పోతుంటే వరిమడుల గట్ల మీద, చెరువు కట్టల కింద తాళ్లు వరసగా నిలబడి ఉంటాయి. వాటిని చూడాల్సిన వేళ మధ్యాహ్నం కాదు, తెల్లవారుజాము. ఆకాశం ఇంకా బూడిదరంగులో ఉండగానే సైకిళ్ల మీదో మోపెడ్ల మీదో గీతకార్మికులు వచ్చేస్తారు. నడుముకు ముత్తాదు, చెట్టును చుట్టి మోకు, కాళ్లకు బంధం, వెనకాల కత్తుల పెట్టె. యాభై అడుగుల చెట్టును ఎక్కడానికి మనిషి మోసుకెళ్లే సామాను ఇంతే.

యాభై దాటిన ఓ గౌడన్న చెట్టు మీంచి దిగి, లొట్టిని మెల్లగా కింద పెట్టి చెమట తుడుచుకున్నాడు.

"రోజుకు ఎన్ని చెట్లు ఎక్కుతరన్నా?"

"పొద్దుగాల పది, మాపటికి మళ్ల గవ్వే పది. తాడుకు ఆదివారం ఉండది సారూ. ఒక్కపూట గీయకపోతే గెల ఎండిపోతది."

పని తెలియని వాళ్లకు కల్లంటే చెట్టుకు కుండ కట్టి వదిలేస్తే నిండేదనిపిస్తుంది. అదేం కాదు. తాటిచెట్టు పూతగెలను పదునైన కత్తితో కాగితమంత పలచగా రోజూ చెక్కాలి. ఒక్క గీత మందంగా పడినా గెల తొందరగా అయిపోతుంది. చెక్కిన చోటునుంచి చుక్కచుక్కగా ఊరేది చెట్టు రసం. అందులో నూటికి పన్నెండు పాళ్ల దాకా చక్కెరే. ఆకులు ఎండను పట్టుకుని చేసిన చక్కెర అది. పువ్వులకు, కాయలకు చేరాల్సిన ఆ తీపిని మనిషి దారిలోనే ఆపి లొట్టిలోకి మళ్లిస్తాడు.

చెట్లకూ వంతులున్నాయి. చలికాలం ఈదులది. ఈతచెట్టు మెడ దగ్గర మట్టలు కొట్టి, పొర చెక్కి తీసే కల్లు చల్లని పొద్దుల్లో రుచి. ఎండ పొడసూపాక తాళ్ల వంతు. ముందు పోతుతాడు, అంటే కాయలు కాయని మగచెట్టు. ఎండలు ముదిరేకొద్దీ పండుతాడు. ఒక్కో చెట్టు కల్లుకు ఒక్కో రుచి. అలవాటైన నాలుక ఉన్న పెద్దమనుషులు మొదటి గుక్కకే ఇది ఏ తాడుదో, ఎవరి చేతి గీతో చెప్పేస్తారు. వైన్ రుచి చూసి తోట పేరు చెప్పే నిపుణుల గురించి మనం నోరెళ్లబెట్టి చదువుతాం. మండువలో గొంగడి మీద కూర్చున్న తాతను మాత్రం తాగుబోతు కింద జమకడతాం!

లొట్టిలో పడ్డ రసం పడ్డట్టు ఉండదు. గాలిలో, కుండ గోడల్లో, నిన్నటి మడ్డిలో ఉన్న ఈస్టు, బ్యాక్టీరియా దానికోసం కాచుక్కూచుంటాయి. రసం తాకీ తాకగానే పని మొదలుపెడతాయి. చక్కెరను మత్తుగా, నురగగా మారుస్తాయి. వైన్‌లోనూ జరిగేది ఇదే. తేడా అంతా వేగంలో ఉంది. ద్రాక్షరసం రోజులు, వారాలు తీసుకుని చేసే పనిని తాటిరసం కొన్ని గంటల్లో ముగించేస్తుంది. ఆ సూక్ష్మజీవులకు 30 నుంచి 35 డిగ్రీల వేడి పండగే. చలికాలంలో పొద్దున దించిన కల్లు మధ్యాహ్నం దాకా తియ్యతియ్యగా ఉంటుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి అదే కల్లు ఎండ నెత్తికెక్కేలోపే బుసబుసా పొంగి ఘాటెక్కుతుంది. సాయంత్రానికి పులుపు. మర్నాటికి అది కల్లు కాదు, పులిసిన నీళ్లు. బ్యాక్టీరియా మత్తును కూడా తినేసి వెనిగర్‌గా మార్చేస్తుంది.

అందుకే వేసవిలో కల్లుకు గడియారం ఉంటుంది. తెల్లారి దించింది పిల్లలకూ, బాలింతలకూ కూడా మంచిదనే నమ్మకం ఊళ్లలో ఉంది (డాక్టర్లు మాత్రం ఒప్పుకోరు). పదిగంటలది కూలిపని చేసి వచ్చినవాళ్లది. మధ్యాహ్నం లొట్టి గట్టివాళ్లది. రాత్రంతా చల్లగాలిలో ఊరిన రసానికీ, పగటి వడగాలిలో ఊరిన రసానికీ చెట్టొకటే అయినా రుచి ఒకటి కాదు. బోర్డో వైన్ ఒక వేసవి కథ చెబితే, తాటికల్లు ఒక్క పూట కథ చెబుతుంది.

ఇక్కడ మట్టికుండ సంగతీ చెప్పుకోవాలి. కుండ చెమర్చి లోపలి రసాన్ని కొంత చల్లగా ఉంచుతుంది, పులియడాన్ని కాస్త వాయిదా వేస్తుంది. ప్లాస్టిక్ డబ్బాకు ఆ గుణం లేదు. మోయడానికి తేలిక, పగలదు, అందుకని దాని వాడకం పెరిగింది. పాతకాలం వాళ్లు కల్లు రుచి పోయిందని గొణిగితే సగం తప్పు ఈ డబ్బాదే అనిపిస్తుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియడమే ఆగుతుంది. అలా దించిందే నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచినప్పుడు నగరంలో చాలామంది తొలిసారి ఆ రుచి చూశారు. ఆ రసాన్నే పొయ్యి మీద కాచి చిక్కబెడితే తాటిబెల్లం.

నిలవ ఉండని సరుకు

ఒక్కపూటలో చెడిపోయే సరుకుకు ఊళ్లో ఇబ్బంది లేదు. చెట్టు కింద తాటిరేక పట్టి తాగేవాడికీ, చెట్టెక్కినవాడికీ మధ్య దూరం పది గజాలు. ఇబ్బంది పట్నంలో మొదలవుతుంది. చెట్లు దూరం, గిరాకీ ఎక్కువ, ఎండ తొందర పెడుతుంది. కల్లు తగ్గినా జనం తగ్గరు. ఆ సందులోంచి దూరిందే మందుకల్లు. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం... నిద్రమాత్రల్లోనూ మత్తుమందుల్లోనూ వాడే రసాయనాలను నీళ్లలో కలిపి, చక్కెర, శాకరిన్ పోసి, పైపైన కాస్త కల్లు చూపించి అమ్మడం తెలంగాణలో పాత జబ్బు. ఇది ఎంత లోతుకు వెళ్లిందో 2015లో బయటపడింది. ఎక్సైజ్ దాడులతో కల్తీ సరుకు ఒక్కసారి ఆగేసరికి, రోజూ తాగే అలవాటున్న వాళ్లు మూర్ఛలతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు వరస కట్టారు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఆ దృశ్యాలు చూసినవాళ్లు మరిచిపోలేరు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు పలువురి ప్రాణాలే తీసింది.

తాడు మీది కల్లు వేరు, ఈ సీసాలోది వేరు. కానీ చెడ్డపేరు రెండింటికీ ఒకటే. ఆ బరువు కూడా చెట్టెక్కే మనిషి మీదే పడుతుంది.

అతని బరువులు అతనికి ముందే ఉన్నాయి. ఎండాకాలం కల్లుకు సీజనే, అతనికి మాత్రం గండం. చెమటకు అరచేయి జారుతుంది, మోకు జారుతుంది. చెట్టుమీంచి పడి నడుము విరిగి మంచం పట్టిన మనిషి లేని గీతకార్మికుల వాడ కరీంనగర్ ప్రాంతంలో దొరకడం కష్టం. పొద్దున్నే చెట్టెక్కేముందు కాటమయ్యను తలచుకుని మొక్కేది అందుకే. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం రక్షణ పరికరాల పంపిణీ మొదలుపెట్టి, దానికి ఆ దేవుడి పేరే పెట్టింది... 'కాటమయ్య రక్షణ కవచం'. పట్టు తప్పినా మనిషి కిందపడకుండా తాళ్లు, బెల్టులు ఆపుతాయి.

"ఇంట్ల పిల్లలు ఎక్కుతున్నరా?" అనడిగితే మన గౌడన్న నవ్వాడు.

"పెద్దోడు దుబాయ్‌ల ఉన్నడు. చిన్నోడు కరీంనగర్ల చదువుతున్నడు. నేను దిగిన్నాడు ఈ చెట్లకు సెలవే సారూ."

జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో ఈ జవాబు ఏ ఇంటి ముందు ఆగినా వినిపించేదే. గల్ఫ్ ఎండలో తాపీపనికి పోతున్న కుర్రాడు ఊళ్లో ఎండకు తాడెక్కనంటున్నాడు. తప్పుపట్టగలమా? గల్ఫ్‌లో నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఇక్కడ గెల ఎండిపోతే ఆ రోజు కూలి లేదు.

గోదావరి దాటితే మరో చెట్టు

జగిత్యాల మీదుగా ధర్మపురి. నరసింహస్వామి గుడి దగ్గర గోదావరి ఏప్రిల్‌లో సన్నబడి, బండల మధ్య మడుగులు మడుగులుగా ఉంటుంది. కాస్త ముందుకెళితే రాయపట్నం వంతెన. దాటితే లక్సెట్టిపేట, పాత ఆదిలాబాద్ జిల్లా. మంచిర్యాల, బెల్లంపల్లి దాటి ఆసిఫాబాద్ చేరేసరికి దారి పక్కన తాళ్లు పలచబడి టేకు మొదలవుతుంది. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వైపు పోయే దారిలో కెరమెరి ఘాట్ ఎక్కాలి. మార్చి, ఏప్రిల్‌లో ఈ అడవి పచ్చగా ఉండదు. టేకు ఆకులన్నీ రాలి, నేల ఎర్రగా, కొమ్మలు బోడిగా ఉంటాయి. మోదుగుపూలు మాత్రం మంటలా కనిపిస్తాయి. అడవి అందం చూడాలనుకునే వాళ్లు వానాకాలం రండి. అడవి ఎలా బతుకుతుందో చూడాలంటే ఇప్పుడే రావాలి.

ఎందుకంటే ఇది ఇప్పపువ్వు రాలే కాలం.

ఇప్పచెట్టు తీరే వేరు. చాలా చెట్లు చిగురించి పూస్తే ఇది ఆకులు రాల్చి పూస్తుంది. పువ్వును కొయ్యక్కరలేదు, అదే రాలుతుంది. అదీ చీకట్లో. అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లవారాక కాసేపటి వరకు టపటపా రాలుతూనే ఉంటుంది. లేత పసుపు కలిసిన తెలుపు, మెత్తగా, కండగా, తేనె వాసనతో ఉంటుంది. దాన్ని పువ్వనడం కంటే పండనడమే సబబేమో. ఆ వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి, జింకలు వస్తాయి. వాటికంటే ముందు గంపలు పట్టుకుని ఆడవాళ్లు, పిల్లలు చేరాలి. ఎండుటాకుల్లో పువ్వు కనబడదని చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టే అలవాటొకటుంది. ఆ నిప్పు ఒక్కోసారి చెట్టు కిందే ఆగదు. వేసవిలో అడవి తగలబడిందంటే అటవీశాఖ ముందుగా అనుమానించేది ఈ మంటల్నే. ఆకులు ఊడ్చుకుంటే సరిపోతుంది, కానీ చీకట్లో పది చెట్ల కింద ఊడవడం ఎంత చాకిరో చేసేవాళ్లను అడగాలి.

జైనూరు దగ్గర ఓ గోండు గూడెంలో వాకిలంతా ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. ఓ అవ్వ చేత్తో తిరగేస్తోంది. ఆమెది గోండి, నాది తెలుగు. మధ్యలో ఇంటర్ చదివే మనవడు.

"ఎన్ని రోజులు ఎండాలి అవ్వా?"

మనవడు అడిగి చెప్పాడు: "ఎండ మంచిగుంటే నాలుగు రోజులంట సార్. మబ్బు పడితే లెక్క లేదంట."

కొత్తగా పరిచింది గోధుమవన్నెలోకి తిరుగుతోంది. మూడోరోజుది ఎర్రబారి, ముడతలు పడి, అచ్చం ఎండుద్రాక్షలా ఉంది. నోట్లో వేసుకుంటే తీపి, వెనకాలే చిన్న వగరు. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. ఇక్కడ నాకు ఇటలీ గుర్తొచ్చింది. వెరోనా దగ్గర వాల్పోలిచెల్లా కొండల్లో ఎర్రద్రాక్షను కోసి మూడు నాలుగు నెలలు ఆరబెట్టి, ముడతలు పడ్డాక అప్పుడు వైన్ చేస్తారు. అమరోనే అని దాని పేరు. నీరు పోయి తీపి మిగలాలన్నదే సూత్రం. వాళ్లకు శీతాకాలపు గాలి చేసే పనిని ఇక్కడ ఏప్రిల్ ఎండ నాలుగు రోజుల్లో చేసిపెడుతోంది.

తాటికల్లుకూ దీనికీ ఉన్న తేడా ఇదే. తాటిరసాన్ని ఎండ తొందరపెట్టి చెడగొడుతుంది. ఇప్పపువ్వును అదే ఎండ ఆరబెట్టి కాపాడుతుంది. యూరప్ వాళ్లు దాచేది సీసాలో పోసిన వైన్‌ను. గోండులు, కోలాములు దాచేది సారాను కాదు, పువ్వును. బాగా ఎండిన పువ్వు గుమ్మిలోనో, కుండలోనో పోసి మూతిపెడితే ఏడాది నిలుస్తుంది. జొన్నలు అయిపోయిన వానాకాలంలో ఉడకబెట్టుకుని తిన్నారు, జొన్నపిండితో కలిపి రొట్టెలు చేసుకున్నారు. పెళ్లికైనా, చావుకైనా, దేవరకైనా దాన్లోంచే తీస్తారు. కొత్తపువ్వును ముందు దేవరకు పెట్టాకే ఇంట్లో వాడే ఆచారమూ గోండుల్లో ఉంది. గింజల్లోంచి నూనె తీస్తారు. అడవిలో ఏ చెట్టు కొట్టినా ఇప్పచెట్టు మీద మాత్రం గొడ్డలి వేయరంటే ఆశ్చర్యమేముంది!

సారా కాచే తీరు ఈ ప్రాంతంలో రహస్యమేమీ కాదు. ఎండినపువ్వును నీళ్లలో నానేస్తారు. ఎండాకాలంలో నాలుగైదు రోజుల్లో పులుస్తుంది. చలికాలంలో అంతకు రెండింతలు పట్టొచ్చు. ఆదిలాబాద్ చలి సంగతి తెలుసుగా... ఎండలో ఎంత ముందుంటుందో చలిలోనూ అంతే, తిర్యాణి, సిర్పూరు వైపు డిసెంబరులో ఐదారు డిగ్రీలకు దిగిపోతుంది. పులిశాక కుండమీద కుండ పెట్టి కాస్తే ఆవిరి చల్లబడి బొట్లుబొట్లుగా దిగేదే ఇప్పసారా. ఇది తాగడం, పూజలో వాడడం ఆదివాసీల ఆచారం. కాచి అమ్మడం చట్టం ముందు నేరం. ఈ రెండింటి నడుమ ఎన్ని తరాలుగా ఎన్ని కుండలు పగిలాయో లెక్కలేదు. నిజాం కాలంలో అబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద దిక్కు. సర్కారు చెట్టుమీద, అడవిమీద, మత్తుమీద ఒకేసారి చేయివేస్తే ఆదివాసీకి మిగిలేదేముంటుంది? ఘాట్ దాటాక పక్కకు తిరిగితే వచ్చే జోడేఘాట్‌లో 1940లో కుమురం భీం ప్రాణమిచ్చింది ఆ ప్రశ్న మీదే. జల్, జంగల్, జమీన్ అన్నాడాయన. ఇప్పచెట్టు ఆ జంగల్‌లోదే.

ఆ పోరాటం తర్వాతే గోండుల బతుకును అధ్యయనం చేస్తూ ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ జైనూరు దగ్గరి మార్లవాయిలో భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి కాపురముండి రాసుకున్నాడు. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన ఆమె సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది. ఏటా జనవరిలో ఊరంతా చేరి ఆ దంపతులను తలచుకుంటుంది.

మబ్బు పడితే...

అవ్వ చెప్పిన రెండో మాటను తేలిగ్గా తీసుకోకండి. 'మబ్బు పడితే లెక్క లేదు.' ఇప్పపువ్వుకు ఎండ ఎంత కావాలో వాన అంత శత్రువు. రాలిన పువ్వు తడిస్తే ఒక్కరోజులో నల్లబడి బూజు పడుతుంది. ఆరబోసినది తడిస్తే బెల్లపుముద్దలా అతుక్కుంటుంది. 2023 మార్చి మధ్యలో తెలంగాణ అంతటా వడగళ్లవాన పడింది. కరీంనగర్ వైపు మక్కచేలు పడిపోయాయని, మామిడి రాలిపోయిందని పేపర్లు రాశాయి. రైతు నష్టానికి ఎకరాల లెక్క ఉంది, అధికారి వచ్చి రాసుకుంటాడు. చెట్టుకింద కుళ్లిన ఇప్పపువ్వుకు ఎకరం లేదు, లెక్కా లేదు.

అయినా ఎండబెట్టి దాచే ఓపిక అందరికీ ఉండదు. చేతిలో డబ్బు లేక పచ్చిగా, సగం ఎండాక అంగడిలో షావుకారుకు అమ్మేసి, అదే పువ్వును వానాకాలంలో ఎక్కువ ధరకు కొనుక్కోవడం మధ్యభారత అడవుల్లో అంతటా ఉన్న కథే. గిరిజన సహకార సంస్థ కొనుగోళ్లు ఉన్నా షావుకారు తక్కెడ ముందు నిలబడటం తప్పని ఊళ్లున్నాయి. వేరే రాష్ట్రాల్లో గాలి కొంత మారింది. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీల స్వయంసహాయక బృందాలే తయారుచేసి సీసాల్లో అమ్ముకునే విధానం తెచ్చింది. మన దగ్గర దారి వేరుగా సాగింది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వును వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి లడ్డూలు చుట్టి అమ్ముతున్నారు. ఆశ్రమ పాఠశాలల్లో ఆడపిల్లలకు రక్తహీనత తగ్గాలని పెట్టారు. బయటివాళ్లూ అడిగి కొంటున్నారు. నేను తిన్నాను. బెల్లంతీపి తర్వాత ఇప్పవాసన నెమ్మదిగా వస్తుంది. సారా వాసన తెలిసినవాళ్లు ఓ క్షణం ఉలిక్కిపడతారు, అంతే!

ఫ్రాన్స్‌లో బోన్ అనే ఊరుంది. అక్కడ ద్రాక్షకోతలు ఏ రోజు మొదలయ్యాయో 1354 నుంచీ రాసిన లెక్కలు దొరికాయి. ఆరున్నర శతాబ్దాల తేదీలను చరిత్రకారులు 2019లో వరసపెట్టి చూస్తే, 1988 తర్వాత కోతలు సగటున పదమూడు రోజులు ముందుకు జరిగాయని తేలింది. ఎండలు పెరుగుతున్నాయనడానికి శాస్త్రవేత్తలు చూపే గట్టి సాక్ష్యాల్లో అదొకటి. మరి మన తాడు ఏ వారంలో మొదటి లొట్టి నింపింది, కెరమెరి కొండల్లో ఇప్పపువ్వు ఏ రాత్రి మొదట రాలింది... ఏ రిజిస్టర్‌లో వెతకాలి? ఉన్న రిజిస్టర్లు రెండే. ఒకటి దుబాయ్ పోయిన కొడుకుకు చెట్టెక్కడం నేర్పని గౌడన్న తల. రెండోది వాకిట్లో పువ్వు తిరగేస్తున్న అవ్వ తల.

అవ్వను అడిగాను, మొదటి పువ్వు రాలే రోజు ఎట్లా తెలుస్తుందని. మనవడు గోండిలో అడిగి, విని, తనే నవ్వాడు.

"రాత్రి నిద్రలో వాసన వస్తదంట సార్."

అవ్వ చేతికింద పువ్వు గలగలమంటోంది. సాయంత్రానికి ఇంట్లోకి ఎత్తాలి, పైన పలచగా మబ్బు కనిపిస్తోంది. ఈ వేసవిది గుమ్మికెక్కితే వానాకాలం, దసరా, దీపావళి దాటుతుంది. పుష్యమాస అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశీకులు హస్తినమడుగు దాకా నడిచి గోదావరి నీళ్లు తెచ్చి దేవుణ్ణి అభిషేకిస్తారు. అప్పటికి గుమ్మిలో అడుగు కనిపిస్తుంటుంది. మరో నెల పోతే ఇప్పచెట్లు ఆకు రాల్చడం మొదలుపెడతాయి.